బిష్కెక్ హాస్టలు గదికి ఒంగోలులో కట్టిన గాలి పెట్టె: ప్రాజెక్టు డైరీ

పిల్లల్ని ఎంబీబీఎస్‌కి కిర్గిజ్‌స్థాన్ పంపినవాళ్ళకీ, పంపబోతున్నవాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నా. మా అక్క కూతురు అక్కడి రాజధాని బిష్కెక్‌లో చదువుతోంది. నాకు ఒంగోలులో ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు బాగుచేసే షాపుంది. గాలిలో పొగ కొలిచే పెట్టె ఒకటి, ఆ పొగను వడకట్టే ఫ్యాను పెట్టె ఒకటి ఇక్కడ కట్టి అక్కడికి పంపాం. ఏది పనిచేసింది, ఏది చెయ్యలేదు, ఎంతయింది అన్నది కింద దశలవారీగా ఉంది.

ముందు అక్కడి సంగతి నాలుగు ముక్కల్లో. బిష్కెక్ సముద్ర మట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తున, దక్షిణాన మంచు కొండలు ఆనుకుని ఉన్న లోయలో ఉంటుంది. చలికాలంలో చల్లగాలి కిందే ఉండిపోయి, వెచ్చగాలి దాని మీద మూతలా కూర్చుంటుంది. ఊరి చుట్టూ ఉన్న కొత్త కాలనీల్లో ఇంటింటా బొగ్గు పొయ్యిలు. ఊరికి వేడినీళ్ళు, కరెంటు ఇచ్చే ప్లాంటుదీ బొగ్గే. పైగా పాత కార్లు. డిసెంబరు, జనవరి నెలల్లో ప్రపంచంలో గాలి బాగా చెడిపోయిన నగరాల జాబితా తీస్తే ఢిల్లీ, లాహోర్‌ల పక్కన దాని పేరు కూడా కనపడుతుంటుంది.

మొన్నమొన్నటి దాకా మా పిల్ల అమెరికా రాయబార కార్యాలయం గాలి మానిటరు అంకె చూసుకుని బయటికి వెళ్ళేది. 2025 మార్చిలో అన్ని దేశాల్లోని తమ కార్యాలయాల గాలి లెక్కలు బయటికివ్వడం వాళ్ళు ఆపేశారు. వేరే మానిటర్లు ఉన్నాయి కానీ, గది లోపల ఏం జరుగుతోందో ఏ మానిటరూ చెప్పదు. పిల్ల రోజులో ఎక్కువసేపు ఉండేది గదిలోనే కదా.

ఇక్కడ రాసే అంకెలన్నీ పీఎం 2.5వే, అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్న రేణువులవి; ఘనపు మీటరు గాలికి మైక్రోగ్రాముల్లో. పోల్చుకోడానికి: 24 గంటల సగటుకు మన దేశం పెట్టుకున్న హద్దు 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినది 15.

దశ 1: కొలిచే పెట్టె

సామాను: నోడ్‌ఎంసీయూ బోర్డు (వైఫై ఉన్న బుల్లి కంప్యూటరు బోర్డు), రేణువుల్ని కొలిచే ఎస్‌డీఎస్011 సెన్సరు, తేమ కొలిచే డీహెచ్‌టీ22, చిన్న ప్లాస్టిక్ జంక్షన్ బాక్సు. ఈ జోడింపు నేను కనిపెట్టింది కాదు. జర్మనీలోని స్టుట్‌గార్ట్ ఊళ్ళో కొందరు 2015లో మొదలుపెట్టి ఇళ్ళ బయట తగిలించుకుంటూ వచ్చిన పద్ధతి. ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. సెన్సరు లోపల బుల్లి ఫ్యాను గాలి పీలుస్తుంది, లేజరు వెలుతురు ఆ గాలిలోని రేణువుల మీద పడి చెదురుతుంది, చెదిరిన వెలుతురును బట్టి లెక్క కడుతుంది. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, దశ 6లో దీంతోనే పేచీ వచ్చింది.

చెడిపోయినవి, మార్చినవి:

1. అంకె ఒక నిమిషం 30, మరు నిమిషం 90. మల్టీమీటరు పెట్టి చూస్తే సెన్సరు దగ్గర 4.4 వోల్టులే ఉన్నాయి. దానికి 4.7 నుంచి 5.3 దాకా కావాలి. తప్పు చార్జరుది కాదు, సన్నటి పొడుగు యూఎస్‌బీ కేబులుది. పొట్టి, లావు కేబులు వేస్తే కుదురుకుంది.

2. సెన్సరు లేజరు ఆయుష్షు 8,000 గంటలని కంపెనీ కాగితంలోనే ఉంది. ఆపకుండా తిప్పితే 333 రోజులు. ఐదు నిమిషాలకోసారి 30 సెకన్లు మాత్రం తిరిగేలా మార్చాం. గది గాలి అంత తొందరగా మారదు, ఇది చాలు.

3. నవంబరులో వానలు పట్టాక పొద్దున పూట 140 చూపించింది, మధ్యాహ్నానికి 35. ఒంగోలు కర్నూలు రోడ్డులో తెల్లవారుజామున అంత పొగ ఎక్కడిది? తేమ 90 శాతం దాటితే రేణువులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి, లేజరు వాటిని లావు రేణువుల కింద కట్టేస్తుంది. అందుకే తేమ 80 శాతం దాటినప్పటి అంకెలను లెక్కలోంచి తీసేస్తున్నాం. సముద్రానికి దగ్గరున్న ఊళ్ళవాళ్ళు, ఒంగోలైనా కావలైనా నెల్లూరైనా, ఇది పాటించకపోతే అనవసరంగా టెన్షన్ పడతారు.

ఇప్పటిదాకా ఖర్చు: బోర్డు 380, సెన్సరు 2,300, తేమది 270, బాక్సు, వైర్లు 150. మొత్తం రూ. 3,100.

దశ 2: వడకట్టే పెట్టె, పనికిరాని రెండు రకాలు

అమెరికాలో కరోనా కాలంలో, 2020లో, రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంతాల్ అనే ఇద్దరి ఆలోచనతో ఒక పెట్టె పుట్టింది. నాలుగు పక్కలా ఫిల్టర్లు, పైన చదరపు ఫ్యాను. అక్కడ ఆ సైజు ఫిల్టర్లూ ఆ ఫ్యానూ ఏ కొట్లోనైనా దొరుకుతాయి. ఒంగోలులో దొరకవు, బిష్కెక్‌కి విమానంలో పోవు. కాబట్టి మన దగ్గర ఉన్నవాటితో చెయ్యాలి.

ఏ పెట్టె ఎంత పనిచేస్తుందో చూడ్డానికి షాపు వెనక స్టోరు గది వాడాం. 10 అడుగుల పొడుగు, 10 వెడల్పు, 10 ఎత్తు. అంటే 28 ఘనపు మీటర్లు. పరీక్ష పద్ధతి:

1. తలుపులు మూసి రెండు అగరుబత్తీలు వెలిగించాలి. అంకె 400 దాటగానే ఆర్పెయ్యాలి.
2. గాలి కలిసేందుకు మూలన ఒక చిన్న ఫ్యాను తిప్పాలి. ఇది రెండు పరీక్షల్లోనూ ఉండాలి.
3. వడకట్టే పెట్టె వెయ్యకుండా 400 నుంచి 200కి దిగడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి.
4. మళ్ళీ పొగ పెట్టి, ఈసారి పెట్టె వేసి, అదే కొలవాలి.
5. 0.69ని (సగానికి దిగే లెక్కలో వచ్చే స్థిర అంకె) ఆ సమయంతో (గంటల్లో) భాగించాలి. రెండు జవాబుల తేడాని గది ఘనపు మీటర్లతో గుణిస్తే, పెట్టె గంటకు ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో వస్తుంది.

పెట్టె లేకుండా సగానికి దిగడానికి గంట పట్టింది. అంటే 0.69.

మొదటి రకం: టేబులు ఫ్యాను వెనక బల్లపరుపు ఫిల్టరు, సుతిలీ తాడుతో కట్టింది. 45 నిమిషాలు. లెక్క వేస్తే గంటకు 6 ఘనపు మీటర్లు. ఇది చెయ్యకండి. టేబులు ఫ్యాను రెక్కలు అడ్డులేని గాలిని తోస్తాయి కానీ, ఫిల్టరు అడ్డు పెడితే గాలి అంచుల మీదుగా వెనక్కి జారిపోతుంది. చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది కాబట్టి పనిచేస్తున్నట్టే అనిపిస్తుంది. వీడియోల్లో చూసి జనం ఎక్కువగా చేసేది ఇదే.

రెండో రకం: వంటింటికి వాడే 9 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను, అదే ఫిల్టరు, చుట్టూ అట్టపెట్టె. 12 నిమిషాల్లో దిగింది, గంటకు 77. పనితనం బాగుంది. మోత మాత్రం పిండిమరే. వీడియో కాల్‌లో వినిపిస్తే మా పిల్ల, "మామయ్యా, దీన్ని మా రూమ్మేట్లు కిటికీలోంచి విసిరేస్తారు. నన్ను కూడా" అంది. ముగ్గురు పడుకునే గది అది. రాత్రి ఆపేసే పెట్టె, పొగ రాత్రే వచ్చే ఊళ్ళో ఎందుకు?

ఖర్చు: ఎగ్జాస్ట్ ఫ్యాను 1,150, ఫిల్టరు 600. మొత్తం రూ. 4,850. (ఎగ్జాస్ట్ ఫ్యాను ఇప్పుడు మా వంటింట్లో ఉంది.)

దశ 3: మూడో రకం

కొనే ప్యూరిఫయర్లలో వేసే, సన్న రేణువుల్ని పట్టే గుండ్రటి హెపా ఫిల్టర్లు విడిగా అమ్ముతారు, డ్రమ్ములా ఉంటాయి. అవి రెండు, కంప్యూటరు క్యాబినెట్‌లో వేసే 120 ఎంఎం ఫ్యాన్లు రెండు, 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టరు ఒకటి తీసుకున్నాం. కంప్యూటరు ఫ్యాను నిదానంగా తిరుగుతుంది, చప్పుడు ఉండదు. మా షాపులో పాత యూపీఎస్‌ల నుంచి తీసినవి బోలెడున్నాయి గానీ వాటి బేరింగులు అరిగి కీచుమంటున్నాయి, కొత్తవే కొన్నాం.

కట్టే పద్ధతి:

1. ఫిల్టరు నోటి కొలత టేపుతో తీసుకోండి. కంపెనీని బట్టి మారుతుంది.
2. 6 ఎంఎం ప్లైవుడ్డు ముక్క కోసి, మధ్యలో ఫ్యాను పట్టేంత బెజ్జం.
3. ఫ్యాను గాలిని ఫిల్టరు లోపలి నుంచి పైకి లాగాలి. ఫ్యాను అంచు మీద బాణం గుర్తు ఉంటుంది, చూసి బిగించండి.
4. ఫిల్టరు అడుగున ఇంకో ప్లైవుడ్డు ముక్కతో మూసెయ్యాలి.
5. పైముక్కనీ అడుగు ముక్కనీ కలిపి మధ్యలోంచి మరలున్న (థ్రెడ్) రాడ్డుతో బిగించాలి.

మొదట రాడ్డు లేదు, గ్లూ గన్‌తో అతికించాం. పరీక్షలో 13 నిమిషాలు పట్టింది, గంటకు 70. రెండు ఫిల్టర్లకి ఇది తక్కువ. వెలుగుతున్న అగరుబత్తిని ప్లైవుడ్డుకీ ఫిల్టరు అంచుకీ మధ్య సందు దగ్గర నిదానంగా తిప్పితే, ఒకచోట పొగ నిటారుగా లేవకుండా దారంలా వంగి సందులోకి దూరిపోయింది. జిగురు అక్కడ పెచ్చులాగా లేచింది. గాలికి ఫిల్టరు గుడ్డలోంచి వెళ్ళే కష్టం ఎందుకు, సందుండగా? తలుపులకి అతికించే లావు ఫోమ్ టేపు రెండు వరసలు వేసి, రాడ్డు పెట్టి నట్టు బిగించాక 9 నిమిషాలకి దిగింది. గంటకు 110.

హాస్టలు గది 54 ఘనపు మీటర్లు. అంటే గంటకు రెండుసార్లు గది గాలంతా వడపోసినట్టు. నాలుగైతే బాగుండేది. కానీ సూట్‌కేసులో పట్టాలి, పక్క మంచంలో పిల్ల నిద్రపోవాలి. రెండుకి ఒప్పుకున్నాం.

ఖర్చు: ఫిల్టర్లు 2,800, ఫ్యాన్లు 700, అడాప్టరు 350, ప్లైవుడ్డు, రాడ్డు, ఫోమ్ టేపు 250. మొత్తం రూ. 8,950.

దశ 4: పంపడం

కావలి నుంచి అదే కాలేజీకి వెళ్తున్న అమ్మాయి సూట్‌కేసులో పంపాం. బోర్డు, వైర్లు, సెన్సరు జోడించి ఉంచితే ఎక్స్‌రేలో చూసేవాళ్ళకి ఎలా కనపడుతుందో చెప్పనక్కర్లేదు. అన్నీ విడదీసి, ఏది ఏమిటో కాగితం రాసి, చెక్ఇన్ సామానులో పెట్టించాం. పవర్ బ్యాంకు పెట్టొద్దు. ఫిల్టర్ల బోలులో స్వెట్టర్లు కుక్కితే నలగవు, చోటూ కలిసొస్తుంది. అక్కడ కూడా 220 వోల్టులే, కానీ మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు పట్టదు. రెండు సన్నటి గుండ్రటి పిన్నుల అడాప్టరు అయితే నేరుగా పడుతుంది.

దశ 5: బిష్కెక్‌లో

ఇక్కడ ఒక్కరోజులో తేలిందనుకున్నవి అక్కడ తేలలేదు. వరసగా:

హాస్టలు వైఫై ఫోను నంబరు అడిగి లోపలికి వదులుతుంది. బోర్డుకి ఫోను నంబరు ఎక్కడిది? పాత ఫోను హాట్‌స్పాట్ పెడితే అసలు కనపడనే లేదు. ఈ బోర్డుకి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు, ఫోను 5లో ఉంది. సెట్టింగ్ మారిస్తే దొరికింది. ఆ ఫోను ఇప్పుడు చార్జింగులో పెట్టి అలమర మీద ఉంది.

సెన్సరు కిటికీ బయట తగిలిస్తే మొదటి రాత్రి బాగానే చూపించింది. రెండో రాత్రి చలి సున్నాకి 15 డిగ్రీలు కిందికి పోయింది, అంకె 0.3 దగ్గర ఆగింది. ఆ గాలికి 0.3 అంటే నవ్వొస్తుంది. సెన్సరు పనిచేసే హద్దు మైనస్ 10. లోపల కిటికీ పక్కన పెట్టించి, చేపల తొట్టికి వాడే సన్న గొట్టం జానెడు ముక్క కిటికీ రబ్బరు సందులోంచి బయటికి తీయించాం. చల్లటి గాలి గదిలోకి వచ్చి వేడెక్కేసరికి దానిలో తేమ శాతం పడిపోతుంది. ఒంగోలులో నవంబరంతా తిప్పలు పెట్టిన తేమ గొడవ అక్కడ దానంతటదే పోయింది.

జనవరిలో బాగా చెడ్డ రోజుల లెక్క (బయట):

పొద్దున 8: 180 దరిదాపు
మధ్యాహ్నం 2 నుంచి 3: 60 నుంచి 80
సాయంత్రం 7 నుంచి అర్ధరాత్రి: 250 నుంచి 350

ఎండ కాసేపు కొడితే నేల వేడెక్కి, మూతలా కూర్చున్న గాలి కదులుతుంది, మధ్యాహ్నం పొగ పైకిపోతుంది. పొద్దు గూకగానే మూత మళ్ళీ పడుతుంది, అదే సమయానికి ఇళ్ళలో పొయ్యిలు రాజేస్తారు. ఒక్కో రోజు సగటు చూస్తే ఇది తెలియదు. గంటగంటకీ చూస్తేనే.

గది లోపల, బయట 280 ఉన్న రాత్రి:

కిటికీ మూసి, పెట్టె లేకుండా: 210
పెట్టె వేసి, కిటికీ మూసి: 90
పెట్టె వేసి, కిటికీ ఓరగా తెరిచి: 160
పెట్టె వేసి, కిటికీ సందులకి ఫోమ్ టేపు వేసి: 45

మొదటి వరస చూడండి. కిటికీ మూసుకున్నాం కదా అని ధీమాగా ఉంటే, బయటి పొగలో ముప్పాతిక వంతు లోపలే ఉంది.

అసలు గొడవ మూడో వరసతో. రాత్రి పన్నెండింటికి అంకె 45 నుంచి 160కి ఎగబాకుతోంది, రోజూ. ఎవరో కిటికీ తెరుస్తున్నారు. మా పిల్ల రూమ్మేట్లకి గ్రాఫు చూపించింది, హద్దు 15 అని చెప్పింది, ఇద్దరూ "అవునా" అన్నారు, ఆ రాత్రీ కిటికీ తెరిచారు. నాకు ఫోను చేసి, "వీళ్ళకి అస్సలు పట్టదు మామయ్యా" అని విసుక్కుంది. గదిలో వేడి ఎంతుందో చూడమన్నా. డీహెచ్‌టీ22 తేమతో పాటు వేడి కూడా చూపిస్తుంది, దాన్ని మేం పట్టించుకోలేదు. 28 డిగ్రీలు! ఊళ్ళోని పెద్ద ప్లాంటు నుంచి గొట్టాల్లో వేడినీళ్ళు వస్తాయి, గోడకున్న రేడియేటరుకి తిప్పే మర లేదు. బయట మైనస్ 15, లోపల మన ఉగాది నాటి ఉక్క. కిటికీ తెరవక ఏం చేస్తారు?

రేడియేటరు మీద మందపాటి దుప్పటి రెండు మడతలు కప్పించాం. గది 25కి దిగింది. ఆ రాత్రి నుంచి కిటికీ ఎవరూ ముట్టలేదు, ఎవరికీ గ్రాఫు చూపించాల్సిన పనీ పడలేదు. ఈ ప్రాజెక్టులో ఖర్చు లేని మార్పు ఇదొక్కటే, ఫ్యానుకన్నా ఎక్కువ పనిచేసింది కూడా ఇదే. ఎవరికీ పట్టదు అనుకునే ముందు వాళ్ళు ఆ పని ఎందుకు చేస్తున్నారో చూడాలని నాకు అక్కడే తట్టింది.

టేపు వేశాక ఇంకోటి: ముగ్గురు పడుకుని తెల్లారి లేస్తే తలపోటు, మూసిన గదిలో ఊపిరి గాలి నిండిపోయి. కాబట్టి కిటికీ మొత్తం మూసెయ్యకండి. పైన చిన్న రెక్క ఒకటి ఉంటుంది, దానికి టేపు వెయ్యకుండా వదిలి:

1. మధ్యాహ్నం 2 నుంచి 3 లోపు అరగంట బార్లా తెరవాలి.
2. పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు. అంకె 160 దాకా పోతుంది, పెట్టె దాన్ని అరగంట దాటేసరికి 45 దగ్గరికి దించుతుంది.
3. ఉదయం 8కి తెరవకూడదు. నిద్ర లేవగానే తాజా గాలి అనే మన అలవాటు ఆ ఊళ్ళో పనికిరాదు.

ఇక జనం సంగతి. వార్డెనుకి అంకె చూపిస్తే "చలికాలం కదా, ఎప్పుడూ ఇంతే" అంది. టేపు వెయ్యడానికి మాత్రం అడ్డు చెప్పలేదు. సీనియర్లు "నాలుగేళ్ళుగా ఉంటున్నాం, మాకేమైంది" అన్నారు, మధ్యలో ఆగి దగ్గుతూ. మనవైపు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో 2024 మేలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ళ మీద దాడులు జరిగినప్పుడు రాత్రంతా మెసేజులే. పొగ మీద మెసేజు పెడితే రెండు నమస్కారాల బొమ్మలు. గొడవలు భయపెడతాయి, అర్థమవుతుంది. పొగ ఏ రోజుకారోజు ఏమీ చెయ్యదు కదా. మా అక్క కూడా "తలకి చున్నీ కట్టుకోమను" అనేది. చున్నీ ఈ సైజు రేణువుల్ని ఆపదు. ఎన్95 మాస్కు ముక్కు దగ్గర తీగ నొక్కి, అంచులు చెంపలకి అంటేలా పెట్టుకుంటేనే ఆపుతుంది.

జనవరి చివర్లో మా పిల్ల ఫిల్టరు విప్పి ఫోటో పంపింది. తెల్లటి మడతలు బయటివైపు బూడిద నలుపు, లోపలివైపు ఇంకా తెలుపే. గ్రూపులో పెడితే ఒకాయన అడిగాడు: "ఉతికితే పోతుందా?" ఉతకకూడదు. తడిస్తే హెపా గుడ్డ పాడవుతుంది, తెల్లగా కనిపించినా వడకట్టదు. బయటివైపు మెత్తటి బ్రష్షుతో పైపైన దులపొచ్చు, అంతే. ఆ తర్వాత గ్రూపు ఫీజు గడువు మీదికి వెళ్ళిపోయింది.

ఫిల్టరు ఎంత మూసుకుపోయిందో తేల్చడానికి మళ్ళీ అగరుబత్తి పరీక్ష పెట్టబోతే వార్డెను వాసన పట్టి వచ్చి, గదిలో పొగ పెడతారా అని కేకలేసింది. నవంబరు నుంచి ఊరు ఊరంతా పొగలో ఉంది, ఆమె పట్టింది ఈ ఒక్క పుల్లనే! పరీక్ష అక్కడితో ఆగింది. బదులుగా ఇలా చూస్తున్నాం: టేపు వేసి ఉన్నప్పుడు లోపలి అంకె బయటి దాంట్లో ఆరో వంతు ఉండేది. నాలుగో వంతుకి చేరితే ఫిల్టరు మార్చాలి.

రాత్రి దగ్గు తగ్గిందని పిల్ల చెబుతోంది. ఒక్క మనిషి, ఒక్క చలికాలం, పైగా మాస్కు కూడా పెట్టుకుంటోంది. దీన్ని రుజువు అనుకోవద్దు.

ఖర్చు: టేపు, గొట్టం అక్కడే కొన్నారు, 400 సోమ్. మన రూపాయికీ వాళ్ళ సోమ్‌కీ విలువ ఇంచుమించు ఒకటే. మొత్తం రూ. 9,350.

దశ 6: చీమకుర్తి

బావ, అంటే ఆ పిల్ల నాన్న, గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి దగ్గర రాళ్ళు కోసే ఒక యూనిట్‌లో మిషను మీద పనిచేస్తాడు. కూతురి గది లెక్కలన్నీ విని, "మేం రోజూ రాతిపొడి తింటున్నాం, అది కూడా కొలువు" అన్నాడు. ఎగతాళికే అన్నాడు గానీ నేను ఇంకో సెన్సరు పట్టుకుని వెళ్ళా. (పాత సామానుతో చేసింది, ఖర్చులో కలపలేదు.)

యార్డులో లారీ వెళ్ళాక దుమ్ము లేచి ఎదురుగా ఉన్న బ్లాకులు మసకబారాయి. సెన్సరు 42 చూపించింది. బావ తొంగిచూసి, "ఏందిరా, మీ మిషనుకి మా దుమ్ము కనపడదా?" అని పగలబడి నవ్వాడు. అదే వారం టంగుటూరు వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర పెడితే, కంటికి పల్చగా కనిపించే కట్టెల పొగకే 300 దాటింది.

సెన్సరు పాడవలేదు. చెదిరే వెలుతురును బట్టి లెక్కకట్టే ఈ చవక సెన్సర్లకి సన్న రేణువులే బాగా తెలుస్తాయి. పొగ సన్నం, రాతిపొడి లావు. లావు రేణువు సెన్సరు లోపలికి రావడమే కష్టం. పీఎం 10 (10 మైక్రాన్ల దాకా ఉన్న రేణువులది) అని అది ఇంకో అంకె చూపిస్తుంది, రాతిపొడి దగ్గర దాన్ని నమ్మకండి. నెల్లూరు, ఒంగోలు రెండూ జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో, గాలి హద్దు దాటిన నగరాల జాబితాలో ఉన్నాయి. క్వారీ దగ్గర ఈ సెన్సరు పెట్టి "బాగుంది" అని ఎవరైనా ఫోటో పెడితే మోసపోతారు.

అందుకని పాత పద్ధతి: పడిన దుమ్మును తూచడం.

మొదట స్టీలు పళ్ళెం పెట్టాం. పడింది పడినట్టే గాలికి ఎగిరిపోయింది. లోతు బకెట్టులో లీటరు నీళ్ళు పోసి పెట్టాం, వారం తర్వాత గిన్నెలో మరగబెట్టి ఆరబెడితే గ్రామున్నర వచ్చింది. ఎక్కువనిపించి, దుమ్ము పడకుండా మూతపెట్టిన బకెట్టు నీళ్ళు కూడా ఆరబెట్టి చూస్తే అందులోనే గ్రాము పైన ఉంది. బోరు నీళ్ళు! టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన ఉప్పులు, లీటరుకి 1,100 మిల్లీగ్రాములు. ఉప్పుని తూస్తున్నాం. మా షాపులో బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్‌తో మళ్ళీ మొదలుపెట్టాం.

ఇప్పుడు చేస్తున్నది:

1. 24 సెంటీమీటర్ల మూతి ఉన్న స్టీలు బకెట్టు, నేలకి నిలువెత్తు పైన.
2. లీటరు డిస్టిల్డ్ వాటర్. ఆరిపోకుండా మధ్యలో పోస్తుండాలి. పైన వల, పక్షులకీ ఆకులకీ.
3. వారం తర్వాత, ముందే తూచిన చిన్న గిన్నెలో కొంచెంకొంచెంగా ఆరబెట్టాలి.
4. నగల దుకాణాల్లో వాడే రకం 0.01 గ్రాముల త్రాసులో తూచి, బకెట్టు మూతి వైశాల్యంతో (0.045 చదరపు మీటర్లు) భాగించాలి.

ఫలితం: యార్డులో 0.41 గ్రాములు, అంటే వారానికి చదరపు మీటరుకి 9 గ్రాములు. మా షాపు మేడ మీద 0.04, అంటే ఒక గ్రాము లోపే. ఈ రెండోది త్రాసు తప్పుకి చాలా దగ్గర, మేడ మీది బకెట్టు నెలంతా ఉంచాలి.

ఒక మాట. చీమకుర్తి నల్లరాయి బ్లాక్ గెలాక్సీని గ్రానైట్ అని అమ్ముతారు గానీ భూగర్భశాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి రాయి, అందులో క్వార్ట్జ్ (సిలికా ఖనిజం) తక్కువ. ఊపిరితిత్తుల్ని గట్టిపరిచే సిలికోసిస్ క్వార్ట్జ్ పొడితో వచ్చేది. దీన్ని పట్టుకుని "మా రాయి మంచిది" అనేవాళ్ళున్నారు. బావ యూనిట్‌లో బయటి నుంచి వచ్చిన ఎర్ర, తెల్ల గ్రానైట్ కూడా కోస్తారు, వాటిలో క్వార్ట్జ్ దండిగా ఉంటుంది. కోసేటప్పుడు నీళ్ళు పోస్తారు కాబట్టి దుమ్ము తక్కువ లేస్తుంది, ఆ బురద రోడ్డు మీద ఎండాక లారీ చక్రాల కింద లేస్తుంది. యార్డులో పడుతున్నది ఎక్కువ ఇదే అని నా అనుమానం.

ఖర్చు: త్రాసు 450, డిస్టిల్డ్ వాటర్ 120, వల 30. మొత్తం రూ. 9,950.

మిగిలిన పని

యార్డు గేటు దగ్గర ఒకటి, కోత మిషను పక్కన ఒకటి, రెండు బకెట్లు ఒకే వారం పెట్టాలి. గేటు దగ్గర ఎక్కువ పడితే దారి తడపమని సూపర్‌వైజరుని అడుగుతానని బావ అన్నాడు. అంకె చూపిస్తే వింటాడా అని అడిగితే, "వినడు. లారీవాళ్ళకి అద్దాలు తుడుచుకునే పని తగ్గుద్దని చెప్తా" అన్నాడు.

బిష్కెక్‌కి సెప్టెంబరులో వెళ్ళేవాళ్ళ చేత రెండు కొత్త ఫిల్టర్లు పంపాలి, 2,800. అప్పటికి మొత్తం రూ. 12,750.